ఆదివారం ఆట ముందుకు జరిపింది నేనే

పదిహేనేళ్ళుగా ఒక తప్పు కడుపులో పెట్టుకుని తిరిగాను. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. నాతో పాటు చదరంగం సంఘంలో తిరిగినవాళ్ళకు తెలిసే ఉంటుంది, కానీ వాళ్ళకది తప్పులా అనిపించి ఉండదు. మీకు చెప్పడం కొంత తేలిక, మీరు నా మొహం చూడరు కాబట్టి. పేరు రాయడానికి మాత్రం ఇప్పటికీ ధైర్యం చాలడం లేదు.

మార్కాపురంలో డ్రిల్లు మాస్టరుగా పనిచేశాను. ఈ పక్క చదరంగం పోటీలన్నీ సంఘం తరఫున నేనే నడిపేవాణ్ణి. ఆడపిల్లల పోటీ కూడా పెట్టేవాళ్ళం. ఎందుకు? ఆడపిల్లలు పైకి రావాలనా? కాదు లెండి. అది పెట్టకపోతే రాష్ట్ర సంఘం గుర్తింపు ఇవ్వదు. అందుకని హాలు చివర, సైకిల్ స్టాండు పక్కన, నాలుగు బల్లలు వేసి ఊరుకునేవాళ్ళం. ఫ్యాన్లన్నీ మగపిల్లల వైపే. ఫోటోకు మాత్రం ఆడపిల్లల్ని ముందు నిలబెట్టేవాళ్ళం.

ఆ బల్లల దగ్గరికి పెద్దారవీడు నుంచి రూతు అనే పిల్ల వచ్చింది. తొమ్మిదో తరగతి. అమ్మానాన్నలు మిరప కోతలకు, కూలి పనులకు పోయేవాళ్ళు. బళ్ళో మూలన పడేసిన పాత బోర్డు మీద నేర్చుకుందట. ఎత్తు ఆలోచించేటప్పుడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది, తొందరపడి పావును ముట్టుకోకుండా. ముట్టుకుంటే దాన్నే కదపాలి కదా. ఆ పిల్ల ఆట చూస్తుంటే నాకు ముచ్చటేసేది. అదీ చెప్పాలి. ఆమె ఎంతటిదో తెలియక చేసిన పని కాదిది.

రాష్ట్ర పోటీకి పంపేది ఒక్కరినే. శనివారం సాయంత్రానికి రూతు అందరికంటే అర పాయింటు ముందుంది. మర్నాడు చివరి ఆట డ్రా అయినా చాలు, ఆమే వెళ్తుంది. ఎదుట ఆడాల్సింది గిద్దలూరు క్లబ్బు కార్యదర్శి కూతురు. ఆ నెలాఖర్లో సంఘం ఎన్నికలు. గిద్దలూరు ఓట్లు ఆ కార్యదర్శి చేతిలో ఉన్నాయి. సహాయ కార్యదర్శి పదవికి నేను నిలబడ్డాను. మా అధ్యక్షుడు నన్ను పక్కకు పిలిచి, గిద్దలూరాయన మనసు నొప్పించొద్దన్నాడు. అంతే. ఫలానా పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఎవరైనా చెప్పి ఉంటే ఇప్పుడు వాళ్ళ మీదికి నెట్టేవాణ్ణేమో.

ఆదివారం ఆట పదకొండింటికి. రూతు నాన్న యేసోబు కోసం ఆ వేళ పెట్టింది కూడా నేనే. వాళ్ళది ప్రార్థన తప్పని ఇల్లు. ఆదివారం పూట ఆటేమిటని మొదట ఆయన ఒప్పుకోలేదు. పొద్దున్నే పాస్టరు గారితో ప్రార్థన చేయించుకుని, ఆ తర్వాత బస్సుకు పిల్లను తీసుకొచ్చేటట్టయితే సరేనన్నాడు. నేనూ సరేనన్నాను. శనివారం వాళ్ళు బస్సెక్కి వెళ్ళిపోయాక, ఆట ఎనిమిదిన్నరకు మారిందని కాగితం రాసి హాలు బోర్డుకు అంటించాను. గిద్దలూరుకు ఫోన్ చేసి చెప్పాను. వాళ్ళింట్లో ఫోన్ లేదు, రూతు ఫారం మీద పాస్టరు గారి నంబరు ఉంది. ఆ నంబరు చూశాను. చూసి, ఫారాలన్నీ సర్ది బీరువాలో పెట్టేశాను.

ఎనిమిదిన్నరకు గడియారం నొక్కాను. అరగంటలో రాకపోతే ఓడినట్టే. రూలు ప్రకారం నేను చేసినదాంట్లో వేలు పెట్టడానికి సందు లేదు. గిద్దలూరు పిల్ల ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, ఆ అక్క ఇంకా రాలేదేమని రెండుసార్లు అడిగింది. పాపం, ఆ పిల్లకేం తెలుసు?

పదింటికి వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన చేసి రాసిన నూనె రూతు నుదుటి మీద ఇంకా మెరుస్తోంది. బోర్డు మీది కాగితం చదివింది. మళ్ళీ చదివింది. నిన్న వెళ్ళేముందే మార్చి ఉంటారు, నేనే బోర్డు సరిగ్గా చూసుకోలేదేమో, నాదే పొరపాటు సార్ అంది. నేను కాదనలేదు. యేసోబు బైబిలు చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"సార్, ఆదివారం పూట పిల్లను ఆటకు తెచ్చినానని దేవుడే ఆపినాడంటారా?"

"నాకేం తెలుసు యేసోబూ."

"మీరు సదువుకున్నోళ్ళు. చెప్పండి సార్."

"అట్లే అనుకో. ఇంక పిల్లను ఇబ్బంది పెట్టమాక."

ఎందుకన్నాను ఆ మాట? పిల్ల స్థానం లాక్కోవడం ఒకటి. అది ఎన్నికల కక్కుర్తి అనుకుందాం. కానీ తప్పు తన మీదే వేసుకుని నిలబడ్డ మనిషి మీద దేవుణ్ణి కూడా ఉసిగొల్పడం దేనికి? ఆయన మళ్ళీ ఇంకేమీ అడగకూడదని. అంతకంటే వేరే కారణం ఎంత వెతికినా దొరకలేదు. ఆయన అడగలేదు కూడా. ఎన్నికల్లో నేను గెలిచాను. రూతు మళ్ళీ పోటీలకు రాలేదు.

ఈమధ్య ఆడపిల్లలకు నేర్పడానికి ఆడవాళ్ళే కావాలని పైనుంచి మాటొచ్చింది. పాత ఆటగత్తెల్ని వెతకమన్నారు. నాకు గుర్తున్నది ఒక్కతే. పోయిన వారం పెద్దారవీడు వెళ్ళాను. రూతు అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోంది. పెళ్ళయింది, ఏడేళ్ళ కూతురుంది, యేసోబు కూడా వాళ్ళతోనే ఉంటున్నాడు. ఆ పిల్ల నేల మీద కూర్చుని ఫోన్లో చదరంగం ఆడుతోంది. చేతులు రెండూ తొడల కింద. రూతు గబుక్కున వచ్చి ఫోను లాక్కుంది. మా ఇంట్లో ఆ ఆట వద్దు సార్, దానివల్ల ఒకసారి దేవుడికి కోపం తెప్పించాం, నాయన ఇప్పటికీ చర్చిలో లేచి నిలబడి ఆ సాక్ష్యం చెప్తాడు అంది. ఆ పిల్ల ఏడుస్తూ వంటింట్లోకి పోయింది.

టీ తాగి నీళ్ళు నములుతూ బయటపడ్డాను. రోడ్డు దాకా వచ్చాను. బస్సు వచ్చింది, ఎక్కలేదు. వెనక్కెళ్ళి గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాను. కాగితం ఎప్పుడు అంటించిందీ, ఎవరికి ఫోన్ చేసిందీ, ఎవరికి చెయ్యనిదీ. రూతు నా వైపు చూడలేదు. నాకు కాదు, నాయనకు చెప్పండి అంది. యేసోబు కూలి పని నుంచి వచ్చేదాకా కూర్చోమని ఎవరూ అనలేదు. అనకపోవడమే నయమనిపించింది. ఆయన వచ్చేదాకా గుమ్మం బయటే నిలబడ్డాను.

ఆయన తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నాడు. జుట్టంతా నెరిసిపోయింది.

"అయితే ఇన్నేండ్లు నేను చెయ్యని పాపానికి నా బిడ్డను శిక్షించినానా సార్?"

ఆయన లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. క్షమించమని నేను అడగలేదు, ఆ మాట వాళ్ళూ ఎత్తలేదు. చీకటి పడుతుంటే మార్కాపురం బస్సెక్కాను. పదిహేనేళ్ళు దేవుడి మీద వేసి ఉంచింది ఇప్పుడు నా మీదికొచ్చింది. బరువేమీ తగ్గలేదు. కానీ దాని కింద ఉండాల్సినవాణ్ణి నేనే. మొదటిసారి ఊపిరాడింది.