నేను రాయని సిఫారసు లేఖ

కోవిడ్ తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది, జూన్ మొదటి వారంలో, హఫీజ్‌పేట్ వైపున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి నన్ను మనస్తత్వ విభాగం అధిపతిగా మరో మూడేళ్లు కొనసాగిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. విభాగం అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. ముగ్గురం, రెండు గదులు. నేను సీనియర్ క్లినికల్ సైకాలజిస్టును, మిగతా ఇద్దరూ కౌన్సెలర్లు. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే ఎమ్మెస్సీ మీద ఎంఫిల్ శిక్షణ, నమోదు సంఖ్య ఉండాలి. అవి లేనివారు ఎంత పని చేసినా బోర్డు మీద కౌన్సెలర్‌గానే ఉంటారు.

మా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి మనోవ్యాధి ఏమీ ఉండదు. ఒంటి జబ్బే. షుగరు, కిడ్నీ, మెడనొప్పి. మందు ఉంది, డాక్టరు ఉన్నారు, మనిషే మాట వినడు. ఎందుకు వినడో కనిపెట్టి, వినేటట్లు చేసే పనిని క్లినికల్ హెల్త్ సైకాలజీ అంటారు. నేను పాతికేళ్లు ఆ పనే చేశాను. మా బంధువుల్లో సగం మందికి నేనేం ఉద్యోగం చేశానో ఇప్పటికీ తెలియదు.

ఇద్దరు కౌన్సెలర్లలో ఒకరు లావణ్య. శేరిలింగంపల్లి వాళ్లదే. ఈ ఐటీ కంపెనీల అద్దాల మేడలు లేవకముందు వాళ్ల నాన్న అక్కడ గేదెల్ని పెట్టుకుని ఇళ్లకు పాలు పోసేవాడట. నాలుగేళ్లుగా డయాలిసిస్ వార్డు ఆమె చేతిలోనే ఉంది. ఆ జూన్‌లోనే ఒక విశ్వవిద్యాలయం క్లినికల్ హెల్త్ సైకాలజీలో పీహెచ్‌డీకి దరఖాస్తులు పిలిచింది. ఆసుపత్రుల్లో పనిచేస్తున్నవారికి ఒక్క సీటు విడిగా ఉంచారు. ఉద్యోగం మానకుండా చేసుకోవచ్చు. షరతు ఏమిటంటే, పీజీ పూర్తయి ఏడేళ్లు దాటకూడదు. లావణ్యకు అది ఏడో ఏడు. ఈసారి తప్పితే ఆ దారి ఇక ఉండదు. ఇది ఆమె నాకు మొదటిరోజే చెప్పింది కనుక, తెలియదనే సాకు నాకు లేదు.

దరఖాస్తుకు రెండు సిఫారసు లేఖలు కావాలి. ఒకటి నాది, రెండోది కిడ్నీ డాక్టరు మూర్తి గారిది. అభ్యర్థి మా ఈమెయిల్ చిరునామాలు ఇస్తే, విశ్వవిద్యాలయం నేరుగా మాకు లింకు పంపుతుంది. మేం రాసిందేమిటో అభ్యర్థి చూడడానికి వీల్లేదు. చూడనని ఆమె ముందే ఒప్పుకొని టిక్కు పెట్టాలి.

లింకు వచ్చిన రోజు నేను లావణ్యను పిలిచి, “నువ్వే ఒక డ్రాఫ్టు రాసి తీసుకురామ్మా, నేను చూసి పెట్టేస్తాను” అన్నాను.

ఈ మాట అనని పెద్దలు మా వృత్తిలో ఎంతమంది ఉన్నారో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నా ఎంఫిల్ గైడు గారు నాతో ఇదే అన్నారు. నా గురించి నేనే సిగ్గుపడుతూ రాసుకున్న పేజీ కింద ఆయన సంతకం చూసి ఆ రోజు మురిసిపోయాను కూడా. లావణ్య రెండు రోజుల్లో పేజీ తెచ్చింది. కష్టపడుతుంది, ఓర్పు ఉంది, రోగులు ఇష్టపడతారు. ‘తన గురించి తాను చాలా తక్కువ చెప్పుకుంటుంది’ అని కూడా ఉంది. అందులోని తమాషా అప్పుడు నాకు తట్టలేదు. రెండు మాటలు దిద్ది, పక్కనున్న గళ్లన్నిటిలో అత్యుత్తమం దగ్గర టిక్కులు పెట్టి పంపించాను. పావుగంట కూడా పట్టలేదు.

రెండు వారాల తర్వాత ప్రవేశాల కార్యాలయం నుంచి నాకొక మెయిల్ వచ్చింది. ఈ అభ్యర్థికి వచ్చిన రెండు లేఖల్లోనూ పలుచోట్ల వాక్యాలు కలుస్తున్నాయి, ఐదు పనిదినాల్లోగా వివరణ ఇవ్వండి, అంతవరకు దరఖాస్తును పక్కన ఉంచుతున్నాం అని. మూడుసార్లు చదివాను. నాకు బోధపడలేదు. మూర్తి గారు నా లేఖ ఎలా చూసి ఉంటారు అనుకున్నాను. వాళ్ల కంప్యూటర్‌లో ఏదో తేడా జరిగిందనుకున్నాను. చివరికి లావణ్యే ఏదో కిరికిరి చేసిందనుకున్నాను. ఆ ఆలోచన మీద పూర్తిగా పది నిమిషాలు కూర్చున్నానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మూర్తి గారికి ఫోన్ చేస్తే ఆయనకూ అదే మెయిల్ వచ్చిందన్నారు. “నేనెక్కడ రాశానండీ? ఆ అమ్మాయినే రాసి పట్రమ్మన్నాను” అన్నారు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

లావణ్యను పిలిచాను. ఆమె నాకంటే ఎక్కువ పరేషాన్ అయింది. తాను చేసిన తప్పేమిటో ఎంత వెతికినా ఆమెకు దొరకడం లేదు.

“మీరు రాయమన్నరు, రాసిన మేడం. సార్ గూడ రాయమన్నరు, ఆయనకూ రాసిన. మాటలు మార్చిన గూడ. కని నా గురించి నేను రెండు తీర్ల ఎట్ల చెప్పాలె?”

మూర్తి గారు ఒక ఉపాయం చెప్పారు: ఇద్దరం ఒకేచోట పనిచేస్తాం, మాట్లాడుకుని రాశాం, అందుకే కలిశాయి అని ఒక లైను పడేద్దాం, పని జరిగిపోతుంది అని. అది పచ్చి అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఒక పూటంతా అటూ ఇటూ ఊగాను. చివరికి పాత లేఖ వెనక్కి తీసుకుని, జరిగింది చెప్పి, సొంతంగా కొత్త లేఖ రాస్తానని కార్యాలయానికి కబురు పెట్టాను. వాళ్లు సరేనన్నారు, గడువు మాత్రం పెంచలేదు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. లావణ్య, నాలుగేళ్లు, డయాలిసిస్ వార్డు. ఆ తర్వాత ఏం రాయాలి? ఆమె పేషంటుతో ఎలా మాట్లాడుతుందో నాకు తెలియదు. ఒక్కసారీ పక్కన కూర్చోలేదు. ప్రతి శనివారం ఆమె కేసు నోట్సు నా బల్ల మీదికి వస్తాయి, చదివి కింద సంతకం చేస్తాను. మా భాషలో దీన్ని పర్యవేక్షణ అంటారు. ఆ నోట్సు తెప్పించి మళ్లీ చదివాను. అన్నీ నేను నేర్పిన నమూనాలోనే ఉన్నాయి: సమస్య, అంచనా, వాడిన పద్ధతి, ఫలితం. చక్కగా ఉన్నాయి. మనిషి మాత్రం అందులో ఎక్కడా లేదు.

మరునాడు పొద్దున, ఆ మరునాడు కూడా, వార్డులో ఆమె వెనక ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాను. రెండోరోజు ప్రగతి నగర్ నుంచి వచ్చే ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ మేనేజర్ యంత్రం మీద ఉన్నారు. నలభై దాటాయి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. డయాలిసిస్ ఎగ్గొట్టడంలో ఆయన ఒకప్పుడు వార్డులో పేరు మోసిన మనిషి. ఒకటి ఎగ్గొడితే ఒంట్లో నీరు చేరి ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చేవారు. ఆ రోజు చేతికి సూదులు ఉండగానే, గురువారం మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, రావడం కుదరదండీ అన్నారు.

ఇక్కడ నేనైతే పుస్తకంలో ఉన్నట్లు అడుగుతాను: రావడం వల్ల లాభమేమిటి, రాకపోతే నష్టమేమిటి, మీ మనసులో ఏముంది అని. లావణ్య అవేమీ అడగలేదు.

“జర ఫోన్ తియ్యండ్రి సార్. క్యాలెండర్ల గురువారం డబ్బా ఎర్రగ ఉన్నదా లేదా?”

ఉందన్నారాయన.

“దాని మీద ఏమని రాసున్నది?”

“క్లయింట్ రివ్యూ” అని నవ్వారు.

“మరి రిలీజ్ ఉన్నదని క్లయింట్ రివ్యూకు ఎగ్గొడ్తరా?”

ఎగ్గొట్టనన్నారు. అంతే, గురువారం వస్తానని ఒప్పుకున్నారు. డయాలిసిస్ వేళలన్నిటినీ ఆయన ఆఫీసు క్యాలెండర్‌లో ఆ పేరుతో పెట్టించింది లావణ్యేనట, చాలా నెలల కిందటే. డయాలిసిస్ అని పెడితే బాస్ దాన్ని పక్కకు జరుపుతాడు, క్లయింట్ రివ్యూ అంటే ఈ ఐటీ కారిడార్‌లో ఎవరూ దాని మీద చెయ్యి పెట్టరు. హాజరు పట్టిక చూశాను. అప్పటినుంచి ఒక్కటీ పోలేదు.

ఇది మనస్తత్వ శాస్త్రమా? నాకు అర్థం కాలేదు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇలాంటి పద్ధతి లేదు. పైగా ఆఫీసుకు అబద్ధం చెప్పించడం. పేషంటు మాత్రం బతికి ఉన్నారు, సమయానికి వస్తున్నారు. మెచ్చుకోవాలో మందలించాలో తేల్చుకోలేకుండానే ఆయన ఫైలు తీశాను. ప్రతివారం ఒకే పుస్తకం మాట: ప్రేరణాత్మక సంభాషణ జరిపాం. క్యాలెండర్ ఊసే లేదు.

ఎందుకు రాయలేదని అడిగాను. “రాసిన మేడం, మొదట్ల. మీరు కొట్టేసిన్రు” అంది. నెమ్మదిగానే అంది, నిష్ఠూరం లేకుండా. ఫైలు అడుగున ఆ కాగితం దొరికింది. క్యాలెండర్ అన్న లైను మీద ఎర్ర గీత, పక్కన ‘ఇది వృత్తిపరమైన భాష కాదు’ అని నా చేతిరాత. అలా రాసినట్లు నాకు కొంచెం కూడా గుర్తు లేదు.

ఆ సాయంత్రం లేఖ రాశాను. మొదటి లేఖ నా ఆదేశం మీద అభ్యర్థి రాసిందనీ, తప్పు నాదేననీ రాశాను. చూసిన రెండు రోజులూ రాశాను, క్యాలెండర్ సంగతి వివరంగా రాశాను. లోపాలు అనే గడి దగ్గర ఆగిపోయాను. అది ఖాళీగా వదిలితే మళ్లీ పాత లేఖే అవుతుందనిపించింది. ఆమె నోట్సు ఆమె చేసిన పనిని చెప్పవు, అలా రాయడం ఆమెకు నేర్పింది నేనే అని రాశాను. పంపేముందు మూర్తి గారికి చదివి వినిపించాను.

“నిజాయితీ మీది, కొంప మునిగేది ఆ పిల్లదండీ” అన్నారాయన. ఆయన తన కొత్త లేఖ నాలుగు లైన్లలో రాశారు, అన్నీ మంచివే. ఎవరిది సరైన పనో నాకప్పుడు తెలియలేదు. పంపించేశాను. నోట్ చేసుకున్నాం అని కార్యాలయం నుంచి ఒక్క లైను జవాబొచ్చింది.

లావణ్యకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఆగస్టులో వెళ్లి వచ్చింది. సీటు రాలేదు. కారణం చెప్పరు, అది వాళ్ల పద్ధతి. ఆమెను క్యాంటీన్‌లో కూర్చోబెట్టి ఇంటర్వ్యూలో ఏం జరిగిందని అడిగాను. ఐదుగురు కూర్చున్నారట. క్యాలెండర్ సంగతి విని ఒకాయన బాగుందన్నారట. ఆ వెంటనే ఒకావిడ, మీరు చేసేది ఒకటి, రికార్డులో రాసేది ఇంకొకటి అయితే మీ పరిశోధనలో అంకెల్ని మేం ఎలా నమ్మాలి అని అడిగారట. మిగిలిన సమయమంతా దాని మీదే నడిచిందట. ఏం చెప్పాలో తెలియక, మా దగ్గర గిట్లనే రాస్తం అందట.

లేఖ రహస్యమన్న నియమం ఉన్నా, అక్కడే ఆమెకు అంతా చెప్పేశాను. వార్డులో నేను చూసిన మంచి, ఆ లోపం, దాన్ని నేనే రాసి పంపడం. చెప్పి, క్షమించమని కూడా అడిగాను. నాకంటే పాతికేళ్లు చిన్నదాన్ని అలా అడగడం నాకు అలవాటు లేని పని.

టీ గ్లాసు పక్కకు జరిపి అంది:

“మీరు రాసింది నిజమే మేడం. కని గీ ముచ్చట వాళ్లకు చెప్పేముందు నాకు చెప్పాలె గద. నాలుగేండ్ల కింద చెప్తే నోట్స్ గూడ మంచిగ రాసేదాన్ని.”

లేచి వార్డుకు వెళ్లిపోయింది. మధ్యాహ్నం షిఫ్టుకు పేషంట్లు వచ్చే వేళ అయింది.

ఆ ప్రత్యేక సీటుకు ఆమె మళ్లీ దరఖాస్తు చేయలేకపోయింది. నేను మాత్రం పదవీ విరమణ చేసేదాకా కౌన్సెలర్లిద్దరి పక్కనా వారానికి ఒక పూట కూర్చున్నాను. చూసింది ఆ రోజే వాళ్లకు చెప్పాను. నమూనా కాగితం తీసేసి, జరిగింది జరిగినట్లు రాయమన్నాను. డ్రాఫ్టు తెమ్మని ఎవరినీ అడగలేదు. ఆ లేఖ పంపి తప్పు చేశానా, ఒప్పు చేశానా అని ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒక్కటి మాత్రం తేలింది: లావణ్య పని మీద నేను నాలుగేళ్లు సంతకం చేశాను, రెండే రోజులు చూశాను. చూసిన సంగతి ముందు పరాయివాళ్లకు రాశాను, ఆమెకు చివర చెప్పాను.