మా మావయ్యగారి కూళు మర్యాద

మా మావయ్యగారికి ఏడాదికి ఒక్క రోజే పని. మిగతా రోజులన్నీ ఆ ఒక్క రోజు గురించి చెప్పుకోవడంతోనే సరిపోతాయి. ఆడి నెలలో, అంటే అరవవాళ్ళ ఆషాఢంలో, ఒక ఆదివారం, పుదుచ్చేరి దగ్గర కిరుమాంబాక్కం దాటి లోపలికి వెళితే వచ్చే వాళ్ళ సొంత ఊళ్ళో, మారియమ్మ గుడి ముందు ఊరందరికీ ఆయన కూళు పోయాలి. కూళు అంటే కంగారు పడకండి, మన రాగి అంబలే. నేను యానాం పిల్లని. పెళ్ళయిన కొత్తలో ఆయన "మనింటికి కూళు మరియాద ఉండాదిమ్మా" అంటే ఏ వెండి పల్లకీయో, పూర్ణకుంభమో అనుకుని పట్టుచీర కట్టుకుని మరీ వెళ్ళాను. తీరా చూస్తే గరిటె.

ఆయన పేరు కె. వెంకటేశన్. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చివర 'రెడ్డియార్' అని కలిపి చెబుతారు. ఎన్ని తరాల కిందటో ఈ గడ్డకు వచ్చి, ఇంట్లో తెలుగు, వీధిలో అరవం మాట్లాడుకుంటూ స్థిరపడ్డ కుటుంబం. తెలుగు చదవడం మాత్రం ఇంట్లో ఒక్కరికీ రాదు. ఒకప్పుడు కనుచూపు మేరంతా వీళ్ళ పొలాలేనట. ముత్తాత సంపాదించాడు, తాత కోర్టుల చుట్టూ తిరిగాడు, తండ్రి అమ్ముకున్నాడు, ఈయన వంతు వచ్చేసరికి మిగిలింది మీసం. అది పెట్టుకుని పుదుచ్చేరి టౌనులో ఒక సినిమా హాల్లో టికెట్లిచ్చే ఉద్యోగం చేశారు, ఆ హాలు మూతపడేదాకా. మా అత్తగారు ధనభాగ్యం చెబుతుంది, నేల టికెట్ చింపి ఇస్తున్నా పొలం పట్టా రాసిస్తున్నంత ఠీవిగా ఇచ్చేవారట. కుర్చీ టికెట్ అడిగినవాడు దణ్ణం పెట్టి పుచ్చుకోవాలన్నమాట.

ఇప్పుడు కురుచికుప్పంలో, ఉప్పుగాలికి కిటికీ ఊచలన్నీ తుప్పుపట్టిపోయిన ఒక మేడ మీది వాటాలో అందరం కలిసి అద్దెకుంటున్నాం. కింద గుమ్మంలో వసంతమ్మ చేపలమ్ముతుంది. పొద్దున్నే ఆవిడ "రెడ్డియారే, వంజరం వచ్చింది!" అని కేకేస్తే, ఈయన జమీందారు దర్జాతో మెట్లు దిగి, ఖరీదైన వంజరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇయ్యాల అంత బాగలేదు" అని పెదవి విరిచి, చవక మత్తి చేపలు తీసుకుని పైకొస్తారు. వసంతమ్మ కూడా ఏనాడూ నవ్వదు. ఆవిడ మర్యాద ఆవిడది.

మా ఆయన శరవణన్‌కి తండ్రి నోరు తెరిచాడంటే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం అలవాటు. అత్తగారు వంటింట్లోకి జారుకుంటుంది. ఇక దొరికేది ఎవరు? ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న నేను.

"ఫ్రెంచి దొరల కాలం బ్రమరా" అని మొదలుపెడతారు. భ్రమరాంబ అనే పేరు ఆయన నోట్లో ఏనాడూ పూర్తికాలేదు. "తెల్లదొర గుర్రమెక్కి వచ్చినాడు. యెంట సిపాయిలు. మా ముత్తాత రంగప్ప రెడ్డియార్ కళ్ళంలో నిలబడినాడు. ఊరు ఊరంతా ఆడనే ఉండింది. దొర నోరెత్తలేక తిరుక్కోని పోయినాడు. ఆ పోరాటం ముగిసినాక ఊరికి మాటిచ్చినాడు మా ముత్తాత. ఏటా ఆడి నెలలో మా వంశం చేత్తోనే మీకందరికీ కూళు పోస్తాం అని. అట్టా మనిషి ఇంగ పుట్టడు."

ఆ కూళు పోయడానికి ఒక పద్ధతుంది. చెప్పులు విడవాలి. భుజం మీది తుండు తీసి నడుముకు కట్టుకోవాలి. వంగి పోయాలి. చివరి మనిషి తాగి లేచేదాకా తాను కూర్చోకూడదు. ఎర్రటి ఎండలో, అరిగిపోయిన మోకాళ్ళతో, ఈయన అదంతా తు.చ. తప్పకుండా చేస్తారు. "తుండు నడుముకి ఎందుకండీ మావయ్యగారూ?" అని ఒకసారి అడిగాను. "వినయం మ్మా. గొప్పోళ్ళ వినయం అట్టనే ఉంటుంది" అన్నారు, వినయం అనే ముక్క ఏ కోశానా లేని గొంతుతో.

ఈ ఏడు ఆ గరిటెకి గండం వచ్చింది. ఆ గండం పేరు హరిహరన్. మావయ్యగారి పెదనాన్న కొడుకు, వయసులో చిన్నవాడు. మిగిలిన చెక్కా ముక్కా పొలాలు ఇంటి స్థలాలు చేసి అమ్ముతుంటాడు. కొత్త లేఅవుటుకి రంగప్ప నగర్ అని పేరు పెట్టాడు. ఒక రోజు లడ్డూల డబ్బా పట్టుకుని మేడెక్కాడు.

"అన్నా, ఈ తూరి కూళు నేను పోస్తా. మా నాయన పెద్దోడు, పెద్ద వాటా మాది కదా, న్యాయంగా అది నాకే రావాల. నువ్వు పక్కన నిలబడు. ఫోటోలో పడతావు" అన్నాడు.

మావయ్యగారు లడ్డూ ముట్టలేదు. రాత్రి అన్నమూ ముట్టలేదు. మర్నాడూ అంతే. అత్తగారు విసుక్కుంది. "ఆ గరిటె పోతే పోనియ్యండి. నా గరిటె ఇస్తా, ఇంట్లో సాంబారు పోస్తా ఉండండి."

సాయంత్రం నేను కాఫీ తీసుకెళ్ళి ఇస్తే, సముద్రం వైపు చూస్తూ మెల్లగా అన్నారు. "బ్రమరా, భూమి పాయె. ఇల్లు పాయె. సినిమా కొట్టాయి పాయె. ఆ ఊర్లో కాలు పెడితే, 'రెడ్డి వచ్చినాడు' అని నలుగురు తిరిగి చూసేది ఆ ఒక్క దినమే. అదీ వాడికి ఇచ్చేస్తే, నేను ఎవురు?"

ఇన్నేళ్ళూ ఆయన గరిటె గురించి నేను, అత్తగారు, వసంతమ్మ కూడా చాటుగా బోలెడు నవ్వుకున్నాం. కానీ ఆ మాట విన్నాక నాకు ఒళ్ళు మండిపోయింది. వెక్కిరిస్తే ఇంట్లోవాళ్ళం మేం వెక్కిరించుకుంటాం, మధ్యలో ఈ ప్లాట్లవాడెవడండీ?

"లేవండి మావయ్యగారూ, ముందు భోంచెయ్యండి. ఆ గరిటె ఎవడు లాక్కుంటాడో నేనూ చూస్తాను" అన్నాను.

ఆదివారం అందరం ఆటో కట్టించుకుని ఊరికెళ్ళాం. గుడికి ఎదురుగా హరిహరన్ వేయించిన ఫ్లెక్సీ, కొబ్బరిచెట్టంత. అందులో రంగప్ప రెడ్డియార్ తలపాగాతో, చేతిలో కత్తితో, గుర్రం మీదున్నాడు. ఆయన ఫోటో అంటూ ఒక్కటీ లేదు కాబట్టి ఎవడి ఒంటికో హరిహరన్ మొహం అతికించారు. 'ఫ్రెంచి దొరలను గడగడలాడించిన రైతు వీరుడు' అని కింద అరవంలో రాశారు. పట్టుచొక్కాలో హరిహరన్, వెనకాల ఫోటోగ్రాఫరు, పైన రొద పెడుతూ డ్రోను.

జనం చెంబులూ గిన్నెలూ పట్టుకుని బారులు తీరి నేల మీద కూర్చున్నారు. మావయ్యగారు అప్పటికే చెప్పులు విడిచి, తుండు నడుముకు బిగించి, గంగాళం దగ్గరికి చేరిపోయారు. హరిహరన్ వచ్చి గరిటె కాడ పట్టుకున్నాడు. ఈయన వదల్లేదు. వాడు లాగాడు. ఈయనా లాగారు. వయసు మీరిన ఇద్దరు మగవాళ్ళు, నలుగురి ఎదుట, అంబలి గరిటె కోసం పెనుగులాట! సగం కూళు నా చీర మీద పడింది.

"వదలన్నా! పెద్ద వాటా నాది!"

"పుట్టినప్పటి నించీ నేను పోస్తా ఉండాను రా!"

అప్పుడు ముందు వరసలోంచి నవ్వు వినబడింది. చిన్న నవ్వు కాదు, కడుపు పట్టుకుని నవ్వే నవ్వు. చూస్తే కనగం. ఎనభై దాటిన ముసలమ్మ. ఆవిడ తాతముత్తాతలందరూ వీళ్ళ పొలాల్లోనే చాకిరీ చేశారు. ఆ చాకిరీలో పట్టుబడ్డ రెడ్ల ఇంటి తెలుగు ఆవిడకి మా ఆయన కంటే బాగా వచ్చు.

"ఏందవ్వా, ఎందుకు నవ్వుతావు?" అన్నాడు హరిహరన్ కోపంగా.

"నవ్వక ఏం చేసేదప్పా? దండన నాకు కావాలంటే నాకు కావాలని కొట్టుకునే వాళ్ళని ఇప్పుడే చూస్తుండా."

"దండనా?"

"మరేమనుకున్నారు?" కనగం ఫ్లెక్సీ వైపు గడ్డం ఎత్తింది. "ఆ బొమ్మలో ఉండే ఆయన దొరని ఎదిరించలేదు. దొరని పిలిపించిందే ఆయన. ఆ గుర్రానికి గడ్డి వేసిందీ ఆయనే. పోరాడింది మా వాళ్ళు. ఆయన మీద."

తర్వాత ఆవిడ చెప్పింది, తాపీగా, వక్క నములుతూ. రంగప్ప రెడ్డియార్ దగ్గర ధాన్యం కొలిచే మరకాళ్ళు, మన కుంచాల్లాంటివి, రెండుండేవట. పంట తీసుకోవడానికి పెద్దది, కూలి ఇవ్వడానికి చిన్నది. వానలు లేని ఏడు, పిల్లలకి ఒక్క కుండెడు కూళు పొయ్యమని ఆడవాళ్ళు ఆయన వాకిట్లోకి వెళితే కుక్కల్ని వదిలాడట. మరుసటి ఏడు పంట బాగా పండింది. పండాక ఊళ్ళో ఒక్కరూ కొడవలి పట్టలేదు. మంగలి రాలేదు, చాకలి రాలేదు. దొర సిపాయిలతో దిగాడు. కొట్టారు. ఇద్దర్ని కారైక్కాల్ జైలుకి పట్టుకెళ్ళారు. అయినా ఎవరూ పొలంలోకి దిగలేదు.

"సిపాయికి తుపాకీ పట్టేది తెలుసు, కొడవలి పట్టేది తెలీదు గదా" అంది కనగం. "గింజ రాలిపోతా ఉండాది. పిట్టలు తినేస్తా ఉండాయి. ఆకరికి మీ ముత్తాత చెప్పుల్లేకుండా నడిచొచ్చినాడు. మా పెద్దలు తీర్పు చెప్పినారు. ఇంగ మరకాలు ఒకటే. ఆడి నెలలో నువ్వు, నీ యెనకాల నీ వంశం, మాకు కూళు పొయ్యాల. మేము నీ ముందర ఎట్ట నిలబడినామో అట్ట నిలబడి పొయ్యాల. చెప్పుల్లేకుండా, తుండు నడుముకు కట్టుకోని, కూర్చోకుండా."

డ్రోను ఒకటే పైన జోరీగలా తిరుగుతోంది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంది?" అని మావయ్యగారు అడిగారు.

"మీరు మరియాద అనుకోని మురిసిపోతా ఉంటిరి. మా అమ్మ ప్రతి ఏడూ ఇంటికిపోయి పడీ పడీ నవ్వేది. మాకు మాత్రం ఇంగేం వేడుక ఉండాది?"

హరిహరన్ గరిటెని నిప్పు ముట్టుకున్నట్టు వదిలేశాడు. "అన్నా, నువ్వే పొయ్యి. ఎంతైనా పెద్దవాడివి" అని, ఫోటోగ్రాఫర్ని మెడ పట్టి పక్కకి లాక్కెళ్ళాడు. రెండు నిమిషాల్లో గుర్రం మీది వీరుడు చుట్ట చుట్టుకుని కారు డిక్కీలోకి వెళ్ళిపోయాడు. న్యాయంగా వాడికే రావలసిన పెద్ద వాటా ఎక్కడికి పోయిందో వాడికే తెలియాలి.

మావయ్యగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డారు. కోరుకున్నది చేతికొచ్చింది. ఇప్పుడు దాన్ని విసిరికొట్టి ఆటో ఎక్కేస్తారనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని. ఆయన మాత్రం వంగి, గంగాళంలో గరిటె ముంచారు.

"ఉండప్పా" అంది కనగం. "మొన్ననే ఊళ్ళో మేమూ మాట్లాడుకున్నాం. ఇంగ చాలు. ఎవురో చేసిన పాపానికి నువ్వు ఆ మోకాళ్ళతో ఎండలో నిలబడేది ఏంది? చూసేదానికి మాకే బాగలేదు. ఈ ఏటి నించీ దండన లేదు. మా పిల్లలే పోస్తారు. దీపా, రామ్మా, అందుకో."

కనగం మనవరాలు దీపా, కాలేజీ పిల్ల, లేచి వచ్చి చెయ్యి చాపింది. మావయ్యగారు గరిటెని గుండెకి హత్తుకున్నారు. తెల్లచొక్కా అంతా అంబలి.

"వద్దక్కా" అన్నారు. కనగాన్ని ఆయన అక్కా అనడం నేను ఎప్పుడూ వినలేదు. "మన్నించొద్దు. దండనే కానీ. నేను నిలబడతా. సాయంకాలం దాకా నిలబడమన్నా నిలబడతా. దీన్ని మాత్రం తీసెయ్యొద్దు. నాకు ఇంగేమీ లేదక్కా."

నాకు ముందు నవ్వొచ్చింది. క్షమించొద్దని బతిమాలుకునే మనిషిని ఎక్కడైనా చూశామా? ఆ నవ్వు సగంలో ఉండగానే ఏడుపొచ్చేసింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శరవణన్ చెవుల్లోంచి ఆ దిక్కుమాలిన ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టుకున్నాడు.

కనగం ఇప్పుడు నవ్వడం లేదు.

"భూమి మీది అన్నారు. పంట మీది అన్నారు. మరకాలూ మీదే. ఆకరికి మేము వేసిన దండన కూడా మీ సొత్తేనంటే ఎట్టప్పా? వేసింది మేము. ఎత్తేసేదీ మేమే" అంది.

మావయ్యగారు గుండెకి హత్తుకున్న గరిటెని కిందికి దించారు. తర్వాత గరిటె దీపా చేతికిచ్చారు. నడుముకున్న తుండు విప్పారు. దాన్ని ఏం చెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకుని, వరస చివరికి నడిచి వెళ్ళి, శరవణన్ భుజం ఆసరాతో నేల మీద కూర్చున్నారు. ఆయన కోసం ఎవరూ లేవలేదు. పక్కనున్నాయన కాస్త జరిగి చోటిచ్చాడు, అంతే.

తాగడానికి ఆయన దగ్గర గిన్నె లేదు. పోసేవాడు గిన్నె ఎందుకు తెచ్చుకుంటాడు? దీపా ముందుగా పోసిన కూళు తాగేసి, కనగం తన చెంబుని, నీళ్ళతో తొలిచి, వరసలో చేతులు మార్పించి పంపింది. అది ఆయన ఒళ్ళోకి వచ్చింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని పొట్టకి ఆనించుకుని కూర్చున్నారు.

దీపా ఒక్కొక్కరికీ పోసుకుంటూ ఆయన దాకా వచ్చింది. వంగింది. వెనక బారుల్లో ఇంకా జనం ఉన్నారు, ఆ పిల్లకి తొందరగా ఉంది.

"చెయ్యి ముందుకి చాపండి తాతా, అందట్లేదు" అంది.

ఆయన చెయ్యి చాపారు.