సన్యాసమ్మ చెప్పిన బెంగాలీ

సన్యాసమ్మ కలకత్తాలో వీధులూడ్చే మునిసిపాలిటీ కార్మికురాలు. చిన్నప్పుడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఏక్‌బాల్‌పూర్‌లో పెరిగింది కాబట్టి బెంగాలీ బాగా వచ్చు. రేషన్ కార్డుకైనా ఆస్పత్రికైనా వాడలోవాళ్లు ఆమెనే తోడు తీసుకెళ్లేవారు. అందుకు ఆమెకు కాస్త గర్వంగానే ఉండేది.

1986 వానాకాలంలో ఓ పొద్దున రేవు గోదాముల వెనక గురువులు అనే తెలుగు కూలీ శవం దొరికింది. తల వెనక, బస్తాలెత్తే కొక్కెం దిగిన గాయం. హాజరు పుస్తకం ప్రకారం ఆ రాత్రి డ్యూటీ అతనిది కాదు, అన్న కూర్మయ్యది. పోలీసులు కూర్మయ్యను పట్టుకెళ్లారు. అతనికి తెలుగు తప్ప రాదు. ఠాణా నుంచి సన్యాసమ్మకు కబురొచ్చింది.

"ఏటయ్యింది తమ్ముడా, సెప్పు," అందామె.

"నాకు జొరమొచ్చిందప్పా. నా బదులు ఆణ్ణంపినాను. నా తమ్ముణ్ణి నానే పొట్టనెట్టుకున్నాను," అని కూర్మయ్య నెత్తి కొట్టుకున్నాడు.

కేసు రాసుకుంటున్న దారోగా విసుక్కున్నాడు. "ఆఖరున ఏమన్నాడు? అదొక్కటి చెప్పు."

అది నేరం ఒప్పుకోవడం కాదు, ఏడుపని ఆమెకు తెలుసు. బెంగాలీలో ఎలా చెప్పాలో తోచలేదు.

"తమ్ముణ్ణి నేనే చంపానంటున్నాడు బాబూ."

కాదు, అలా కాదని ఆమె అంటూనే ఉంది. దారోగా అప్పటికే రాసేసుకున్నాడు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లను అడగడానికి వెళ్లిన పోలీసు జమేదారును వెనక్కి పిలిపించాడు.

విచారణ మొదలయ్యేసరికి మూడేళ్లు పట్టింది. అన్నాళ్లూ కూర్మయ్య జైల్లోనే ఉన్నాడు. కోర్టులో సన్యాసమ్మ తన తప్పు ఒప్పుకుంది. వేరే సాక్ష్యమేదీ లేకపోవడంతో జడ్జి అతన్ని వదిలేశాడు.

బయటికొచ్చిన కూర్మయ్య ఆమెను ఒక్క మాటా అనలేదు.

"ఇంతకీ ఆణ్ణెవులు సంపినారప్పా?" అన్నాడంతే.

ఇద్దరూ ఠాణాకు వెళ్లారు. పాత దారోగా బదిలీ అయిపోయాడు. కొత్తాయన కాగితాలు తిరగేశాడు. డ్యూటీలో ఉన్నవాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. సగంమంది రేవు వదిలి ఎటో పోయారు. కొక్కెం జాడ లేదు. ఇప్పుడెవర్ని వెతకమంటావన్నాడు.

"ఏటంతన్నాడప్పా?"

"ఇంక ఎతకరట తమ్ముడా."

కూర్మయ్య మళ్లీ రేవు పనికి పోలేదు. సన్యాసమ్మ రోజూ అన్నం పట్టుకెళ్లేది. రెండు ముద్దలు తిని గోడవైపు తిరిగి పడుకునేవాడు. మరుసటి వేసవిలో చనిపోయాడు.