తాతగారి సీటు, కొత్త చక్రాలు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఉన్న వస్తువుల కంటే ఒకప్పుడు ఉండి పోయిన వస్తువుల గురించే ఎక్కువగా మాట్లాడుకునేవాళ్లం. పోయిన రైస్ మిల్లు, పోయిన మాగాణి, పోయిన మేడ రోజూ భోజనాల వేళకి మా మధ్యకి వచ్చి కూర్చునేవి. పోకుండా మిగిలింది తాతగారి కారొక్కటే. పైకప్పు లేని, రెండే సీట్లున్న, పొడుగు ముక్కు స్పోర్ట్స్ కారు. అలాంటి కారుని ఎవరైనా సరదా కోసం తోలుకుంటారు. మా తాతగారు మాత్రం డ్రైవరుని పెట్టుకుని, ఎడమ పక్క సీట్లో పంచె సవరించుకుని, వెన్ను వంచకుండా కూర్చుని పొలానికి వెళ్లేవారట. ఆ కూర్చునే తీరే మా వంశపు ఠీవి అని చుట్టుపక్కల చెప్పుకునేవారు. (నేను చిన్నప్పుడు అద్దం ముందు పీట వేసుకుని దాన్ని సాధన చేశాను.) ఆయన పోయాక సీటు మీద ఆయన జరీ కండువా పరిచారు. ఇంట్లోవాళ్లెవరూ అందులో కూర్చోకూడదు. పెళ్లినాడు కొత్త అల్లుడొక్కడికే ఆ హక్కు. మా మేనత్తల భర్తలందరూ ఆ సీట్లోనే మండపానికి వచ్చారు.

అక్కకి పెళ్లి కుదిరేనాటికి మేము పటమటలో అద్దె వాటాలో ఉన్నాం. నేను గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ కొట్లో బిల్లులు రాసేవాణ్ని. (కొట్లో నన్ను ‘దొరగారూ’ అని పిలిచేవారు. అది గౌరవమేనని చాలా కాలం నమ్మాను.) కారు మా వాటా వెనక రేకుల షెడ్డులో ఉండేది. ఇంజను బాగానే పలికేది కానీ, చక్రాలు తుప్పు పట్టి అంచులు బిస్కెట్లలా విరిగిపోతున్నాయి. పెళ్లివారిది కైకలూరు వైపు. చేపల చెరువులున్నవాళ్లు, మర్యాదస్తులు. “మీకెందుకు బాబూ శ్రమ, మా బళ్లున్నాయిగా, అబ్బాయి అందులో వచ్చేస్తాడు” అంది కాబోయే వియ్యపురాలు. ఆవిడ మంచికే అంది. నాకు మాత్రం ‘మీకింకా ఏం మిగిలిందిలే’ అన్నట్టు వినిపించింది. “మా అల్లుళ్లు మా కారులోనే వస్తారండీ” అన్నాను. నాన్న నా వంక చూశారు, నేను గోడ వంక చూశాను.

మర్నాడే ఆటోనగర్‌లో పాత చక్రాలమ్మే ఆసామి దగ్గరికి వెళ్లాను. ఏది అడిగినా “అవుద్దిలెండి” అనడం ఆయన అలవాటు కావడంతో ఆ పేరే ఆయనకి స్థిరపడింది. చక్రం గుండ్రంగా ఉంటే చాలనుకుని వెళ్లినవాణ్ని. బోల్టులు నాలుగా ఐదా, బోల్టుకీ బోల్టుకీ దూరమెంత, మధ్య బెజ్జం ఎంత, చక్రం మడ్‌గార్డు లోపలికెంత పోతుంది, బయటికెంత వస్తుంది... అక్క జాతకానికి కూడా ఇన్ని పొంతనలు చూడలేదు. చివరికి ఆయన నాలుగు సన్నటి ఇనప చక్రాలు దొర్లించుకొచ్చాడు.

“ఇయ్యి మీ బండికి చక్కగా కూర్చుంటాయండి. పాత ట్యాక్సీయి.”

“ట్యాక్సీవా? మా తాతగారి కారుకి ట్యాక్సీ చక్రాలా?”

“తాతగారు దిగొచ్చి చూస్తారా ఏంటండీ?”

నేను గోడకి వేలాడుతున్న అల్లాయ్ చక్రాల వైపు వేలు చూపించాను. ఒక్కొక్కటీ అద్దంలా మెరుస్తోంది. “ఆ చక్రాలా? బోల్టులు కలుత్తాయి గానీ, వెడల్పు ఎక్కువండీ” అని గడ్డం గోక్కున్నాడు. “పడతాయా, పడవా?” అని నిలదీశాను. “అవుద్దిలెండి” అన్నాడు.

ఆయనే మా షెడ్డుకొచ్చి చక్రాలు బిగించాక, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేలు పట్టేంత సందు మిగిలింది. “దొరగారూ, ఓసారి ఆ ఎడం పక్క కూర్చోండి. బరువు పడితే ఎంత కిందకి దిగుద్దో చూద్దాం” అన్నాడు. (కొట్లోని పేరు ఆటోనగర్ దాకా ఎలా పాకిందో!)

“ఆ సీట్లో ఎవరూ కూర్చోరు.”

“పోనీ, నేను కూర్చుంటా.”

“మీరు అసలే కూర్చోరు.”

“అయితే ఓ తవుడు బస్తా పెడదారండి.”

“మా తాతగారి సీట్లో తవుడు బస్తానా!”

“సీటున్నదే కూర్చోడానిక్కదండీ... సరే, అవుద్దిలెండి” అని చేతులు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం నేనొక్కణ్నే బెంజి సర్కిల్ దాకా వెళ్లి వచ్చాను. కుడి సీట్లో నేను, ఎడమ సీట్లో కండువా. ఇద్దరం నిటారుగానే కూర్చున్నాం. చక్రాలు వెన్నలా తిరిగాయి.

పెళ్లినాడు విడిది ముందు బ్యాండువాళ్లు సిద్ధంగా ఉన్నారు. బావగారు చెరువు గట్ల మీద పెరిగిన మనిషి, గుమ్మం నిండుగా ఉంటాడు. కండువా తీసి కళ్లకద్దుకుని, తాతగారి సీట్లో భక్తిగా కూర్చున్నాడు. కారు ఎడమ పక్కకి ఒరిగి ఒక నిట్టూర్పు విడిచింది. నేను గేరు వేశాను. కర్‌ర్‌ర్ మంది. బ్యాండు మోతలో ఎవరికీ వినపడదులే అనుకుని ఇంకాస్త తొక్కాను. ఈలోగా డప్పు వాయించేవాడు వెనక్కి తిరిగి, “బాబుగారూ, చక్రంలోంచి పొగొత్తందండీ!” అని అరిచాడు. వీధి నడిమధ్యలో కారు ఆగిపోయింది. వెనక ఆటోలు, వాటి వెనక సిటీబస్సు, అన్నీ మేళానికి తోడు హారన్లు అందుకున్నాయి.

“నా వల్లేనా బావా?” అన్నాడు బావగారు చిన్నగా.

“కాదండీ. కొత్త చక్రం కదా, బిడియపడుతోంది” అన్నాను.

ఆయన దిగితే చక్రం తిరుగుతుంది. ఎక్కితే ఆగుతుంది. దిగాడు, ఎక్కాడు, మళ్లీ దిగాడు. “మా బండి తెప్పిస్తానుండండి” అని వియ్యపురాలు ఫోను తీసింది. నేను స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. ఆ బండి వస్తే మా ఇంట్లో పోయినవాటి వరసలో కారు కూడా చేరుతుంది. ఇక రేపటినుంచి భోజనాల దగ్గర దీని గురించీ మాట్లాడుకోవాలి.

అప్పుడు మా నాయనమ్మ ముత్తయిదువలని తప్పించుకుంటూ వచ్చి, “తలుపు తియ్యరా” అంది.

“నాయనమ్మా, అది తాతగారి సీటు.”

“నాకు చెబుతున్నావా? మీ తాత దీంట్లో పోతుంటే జీవితమంతా గుమ్మంలో నిలబడి చూశాను. మోకాళ్ల నొప్పులు. తియ్యి.”

పిట్టంత మనిషి. ఆవిడ కూర్చున్నా కారు ఒరగలేదు, మడ్‌గార్డు దిగలేదు, చక్రం తిరిగింది. బావగారు కండువా ఆవిడ భుజాన కప్పి, “మామ్మగారిని కూర్చోనీ బావా, మండపం కనపడుతూనే ఉందిగా” అంటూ తలుపు మీద చెయ్యి వేసి పక్కనే నడిచాడు. కొడుకు నడుస్తుంటే వియ్యపురాలు కూడా ఫోను సంచిలో పడేసి నడిచింది. పెళ్లివారంతా నడిచారు. మా ఇంటి అల్లుడు మా కారుతోనే వచ్చాడు, కారులో కాకపోయినా.

సగం దూరం వెళ్లాక నాయనమ్మ నా వైపు వంగి, “ఒరే, ఈ సీట్లో స్ప్రింగేదో విరిగి నడుములో గుచ్చుతోందిరా. వెనక్కి వాలితే ప్రాణం పోతోంది. మీ తాత అలా నిటారుగా ఎందుకు కూర్చునేవారో నాకిన్నాళ్లకి తెలిసింది” అంది. నవ్వాపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఆ ట్యాక్సీ చక్రాలే వేయించాను. చక్కగా కూర్చున్నాయి. ఇప్పుడు రెండింతలైన బావగారు వచ్చినప్పుడల్లా కారులో తిప్పమంటాడు, తిప్పుతాను. నాయనమ్మ లేదు. సీటు కొత్తగా కుట్టించినప్పుడు కుట్టేవాడు స్ప్రింగు మారుస్తానన్నాడు, నేనే వద్దన్నాను. అప్పుడప్పుడూ షెడ్డులోకి వెళ్లి ఎవరూ చూడకుండా అందులో కూర్చుంటాను. నా వెన్ను ఈమధ్య కాస్త వంగుతోంది. వెనక్కి వాలగానే గుచ్చుతుంది, మళ్లీ వంశపు ఠీవి వచ్చేస్తుంది.