ఇనాయా అంటే సాయిబుల పేరట

పాప పేరు కోసం నెల రోజులుగా మా ఇంట్లో నడుస్తున్న పంచాయితీ ఈ రోజు తేలినట్టే ఉంది. నేను అడిగింది ఇనాయా. అరబ్బీలో ఆప్యాయంగా కనిపెట్టుకుని ఉండడం అని అర్థం. మా ఆఫీసులో ఇప్పటికే ఇద్దరు వాళ్ళ పాపలకి పెట్టుకున్నారు.

సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే మామయ్య మళ్ళీ మొదలుపెట్టారు. "సాయిబుల పేరు మనకెందుకమ్మా?"

ఆయన తల్లి పేరు సైదమ్మ. కొత్తగూడలో ఈ ఇల్లు కట్టినప్పుడు గేటు మీద ఆమె పేరే రాయించారు. మంచం మీద నుంచి ఆమె అంది: "మా అమ్మ దర్గాల మొక్కుకుంటే పుట్టిన. గందుకే నాకు గీ పేరు. గేటు మీదికెల్లి అది గూడ తీసెయ్ కొడుకా."

మామయ్య టీవీ సౌండు పెంచారు. దీన్ని ఒప్పుకున్నట్టే అనుకోవచ్చా? మీరే చెప్పండి, నేను పడుకుంటున్నా.