మేత్ర్ మునియే గారి రెండు గళ్ల పుస్తకం

మీ వంటింట్లో ఉన్న చెంచాలు ఎవరివి? "మావే" అని తప్పించుకోకండి. మీవా, మీతో కాపురం చేస్తున్న మనిషివా? జవాబు కోసం మీరు ఒక్క క్షణం తడుముకుంటే చాలు, మేత్ర్ ఆన్సెల్మ్ మునియే మిమ్మల్ని తన ఎదుటి కుర్చీలోంచి లేవనిచ్చేవారు కాదు. ఫ్రాన్సులోని షాంపన్యోల్ పట్టణంలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా నోటరీగా ఉంటూ, ఆ వృత్తికిచ్చే మర్యాదగా 'మేత్ర్' అని పిలిపించుకునే ఆ పెద్దమనిషికి ఉన్న నమ్మకం ఒక్కటే. లోకంలో ప్రతి వస్తువుకూ యజమాని ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరూ ఎవరన్నది పెళ్లికి ముందే కాగితం మీద తేలిపోవాలి.

ఈ సిద్ధాంతాన్ని ఆయన ఇతరులకు బోధించి ఊరుకునే రకం కాదు. ఆయనకు రెండు కలాలు, రెండు గొడుగులు ఉండేవి: ఒక జత కార్యాలయానిది, ఒక జత సొంతానిది. వానలో పురపాలక భవనం నుంచి నడిచి వస్తుండగా చర్చి గడియారం ఆరు కొట్టిందంటే వీధి మధ్యలో ఆగిపోయేవారు. కార్యాలయపు గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, సొంత గొడుగు విప్పుకుని, అప్పుడు మళ్లీ అడుగు వేసేవారు. ఆ రెండు గొడుగుల నడుమ తడిసిన కోటు ఏ ఖాతా కిందికి వస్తుందన్నది ఊళ్లో ఇంకా తేలని వివాదం.

ఆయన దగ్గర పనికి చేరిన సొలేన్ బావరెల్‌కు ఇరవై ఆరేళ్లు. న్యాయశాస్త్రంలో పట్టా, దాంపత్యంలో సమానత్వం మీద రెండు వందల పేజీల పరిశోధన, మెట్లు రెండేసి చొప్పున ఎక్కే అలవాటు ఆమె ఆస్తి. పెళ్లి ఒప్పందం వద్దన్నది ఆమె వాదన కాదు. అది శుభ్రంగా, సూటిగా, నలభై నిమిషాల్లో ముగియాలన్నదే ఆమె ఆదర్శం. మేత్ర్ మునియేకి మాత్రం ఒక్కో జంటకు మూడు వారాలు పట్టేది. కారణం ఆయన పుస్తకం. అందులో ప్రతి పేజీకీ నడిమధ్యన ఒక గీత, అటొక గడి, ఇటొక గడి. వధువుది ఒకటి, వరుడిది ఒకటి. పెళ్లివారి ఇళ్లకు స్వయంగా వెళ్లి, పీట వేయించుకు కూర్చుని, ఉప్పు డబ్బాతో సహా అన్నీ ఆ గళ్లలోకి ఎక్కించేవారు.

తేనెటీగలు పెంచే ఒకాయనకూ బడిపంతులమ్మకూ పెళ్లి కుదిరినప్పటి సంగతి ఊరంతా చెప్పుకుంటుంది.

"ఈ చీజ్ కరిగించుకునే ఫాండ్యూ గిన్నె ఎవరు కొన్నారు?" అని అడిగారు మేత్ర్.

"నేనే," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఇద్దరూ కొంటే గిన్నెలు రెండుండాలి. రెండోది ఎక్కడ?"

వధూవరులు రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు చెరొక గిన్నె పట్టుకుని వచ్చారు. మేత్ర్ ముఖం వెలిగిపోయింది. "ఇప్పుడు బాగుంది," అని చెరో గడిలో చెరొకటి రాసుకున్నారు.

"ఉమ్మడిగా ఒకటి రాసుంటే సరిపోయేది కదండీ," అని సొలేన్ ఆ కథ విన్నరోజే అడిగింది.

"ఉమ్మడి గిన్నె ఎవరు తోముతారమ్మాయ్?"

ఆ ప్రశ్నకు రెండు వందల పేజీల పరిశోధనలో ఎక్కడా జవాబు లేకపోవడంతో సొలేన్ కలం మూత కొరుక్కుంది.

మే నెలలో ఒదీల్ జాక్మాన్ అనే ఆవిడ, ఈమధ్యే తన సామిల్లు రాసిచ్చిన కొడుకు గాస్పార్‌నీ, అతడు చేసుకోబోయే నొయెమీ పెరార్‌నీ వెంటబెట్టుకుని వచ్చింది. గాస్పార్ మంచి పొడగరి, అమ్మ పక్కన ఉంటే మాత్రం పొట్టివాడు. నొయెమీ బేకరీ పైన అద్దె గదిలో బట్టలు కుడుతుంది. తల్లిదండ్రులు లేరు, ప్రభుత్వం ఎవరింట్లో ఉంచితే వారింట్లో పెరిగింది. పెళ్లి శనివారం. ఒప్పందంపై సంతకాలు గురువారం. పెళ్లికి ముందు జరగకపోతే ఆ ఒప్పందం అక్కరకు రాదు.

సొలేన్ తన ఆదర్శానికి తగినట్టు రెండు నిమిషాల్లో విషయం చెప్పింది. "ఒప్పందం లేకుండా చేసుకుంటే, పెళ్లయ్యాక మీ ఇద్దరి సంపాదనా ఒక్క కుప్ప అవుతుంది. ఒప్పందం ఉంటే ఎవరిది వారిదే. సామిల్లు పెరిగినా నొయెమీకి వాటా రాదు, మునిగినా ఆమె సామాను జోలికి అప్పులవాళ్లు రారు."

"మా మిల్లు మునగదు," అంది ఒదీల్. "మునిగితే ముందు నేను దూకుతాను. నా భయం అది కాదు. రేపు వీళ్లిద్దరికీ పొసగకపోతే మిల్లును నిలువునా కోసేదెవరు?"

"అమ్మా," అన్నాడు గాస్పార్.

"నువ్వుండరా. నిన్ను కోయమనడం లేదు."

మేత్ర్ మునియే పుస్తకం తెరిచారు. "నొయెమీ, నువ్వు ఏమేం తెచ్చుకుంటున్నావమ్మా?"

"ఏమీ లేదండి."

"విన్నారుగా," అంది ఒదీల్. "ఆ గడి ఖాళీగా వదిలేయండి. పని తొందరగా తెములుతుంది."

నొయెమీ మెడ వరకు ఎర్రబడింది. మేత్ర్ కలానికి మూత పెట్టారు. "ముప్ఫై ఒక్క ఏళ్లలో ఖాళీ గడి కింద నేను సంతకం చేయలేదండీ. ఇప్పుడు మొదలుపెట్టను."

బుధవారం మధ్యాహ్నానికి కూడా ఆయన నొయెమీ గదిలోనే ఉన్నారు. అంతకు ముందు రోజంతా అక్కడే ఉన్నారు. సొలేన్ ఇక ఆగలేక, ఒక ప్రసిద్ధ నమూనా ప్రకారం తాను టైపు చేసిన నాలుగు పేజీల ఒప్పందం పట్టుకుని బేకరీ మెట్లు మూడేసి చొప్పున ఎక్కింది. పై మెట్టు మీద నొయెమీ మోకాళ్లు కావలించుకుని కూర్చుని ఉంది.

"ఆయన్ని ఆపండి మేడమ్," అంది. "నాకున్నదంతా ఒక గది. ఆయన లెక్కపెడుతున్నకొద్దీ అది ఇంకా చిన్నదైపోతోంది. పొద్దున నేను కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే అంగుస్తానా ఎంతకు కొన్నావని అడిగారు. ఇదంతా కాబోయే అత్తగారి ముందు గట్టిగా చదువుతారట కదా. రేపు నేను రాకపోతే, గాస్పార్‌కి మీరే ఏదో ఒకటి చెప్పండి."

సొలేన్ లోపలికి దూసుకెళ్లింది. అరవై దాటిన నోటరీగారు నేలమీద మోకరిల్లి ఉన్నారు. "దారం రీళ్లు, ఊదారంగు, ఏడు," అని పైకి అనుకుంటూ రాస్తున్నారు.

"మేత్ర్, ఇది అవమానం. ఆ అమ్మాయి పెళ్లి మానుకునేలా ఉంది. ఇదిగో నా పత్రం. జాబితాలు లేవు, రీళ్లు లేవు. ఇద్దరికీ ఒకే నిబంధనలు."

ఆయన లేవకుండానే కాగితాలు అందుకుని, రెండు పేజీలు తిప్పి, వెనక్కిచ్చారు. "ఏడో నిబంధన చదువమ్మాయ్. గట్టిగా."

సొలేన్ చదివింది. "జాబితాలో చేర్చని గృహోపకరణములన్నియు, ఆ గృహము ఎవరిదో వారికే చెందినవిగా భావింపబడును."

"వీళ్లు కాపురం పెట్టే ఇల్లు ఎవరిది?"

"గాస్పార్‌ది."

"ఈ కుట్టుమిషను శనివారం ఆ ఇంట్లోకి వెళ్తుంది. గడప దాటాక ఎవరిది?"

సొలేన్ ఏడో నిబంధన మీద వేలు పెట్టి మళ్లీ చదువుకుంది.

"మిల్లు మునిగింది, కోర్టు అమీనా వచ్చాడు. ఏం పట్టుకుపోతాడు?"

"కుట్టుమిషను," అంది సొలేన్, చాలా నెమ్మదిగా.

"రీళ్లు వదిలేస్తాడా?"

సమానత్వం మీద రెండు వందల పేజీలు రాసిన మనిషి, నాలుగు పేజీల్లో ఒక అనాథ పిల్లకు ఉన్న ఆస్తినంతా ఊడ్చి సామిల్లుకు రాసిచ్చింది. అదీ నలభై నిమిషాల్లో. "అది నమూనాలో ఉన్న వాక్యమేనండి," అని గొణిగింది.

"నమూనా రాసినవాడికి సొంత ఇల్లు ఉండి ఉంటుంది," అన్నారు మేత్ర్.

పీట మీద తెరిచి ఉన్న పుస్తకాన్ని సొలేన్ అప్పుడు మొదటిసారిగా శ్రద్ధగా చూసింది. గాస్పార్ గడిలో ఒకే పంక్తి: సామిల్లు, స్థలంతో, యంత్రాలతో, కలపతో సహా, ఒకటి. నొయెమీ గడి అప్పటికి తొమ్మిది పేజీలు సాగింది. రంగు రంగుకూ ఒక పంక్తి. సొలేన్ వెనక్కి తిప్పింది. తేనెటీగల ఆయన గడిలో, తేనెపెట్టెలు అరవై, అని ఒక్క పంక్తి. పంతులమ్మ గడిలో పుస్తకాలు పేరు పేరునా. అంతకు ముందు జంటలవీ అంతే. కలిగినవారిది మూటకట్టి ఒక్క పంక్తిలో పడేయడం, లేనివారిది విప్పి పేజీలకు పేజీలు పరచడం. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ పెద్దమనిషి చేస్తున్న పని ఇదే.

"మేత్ర్, ఇదంతా మీరు కావాలని..."

"పెద్ద వస్తువులు ఎవరివో ఎవరూ మర్చిపోరమ్మాయ్," అన్నారాయన విసుగ్గా. "ఆ గుండీల డబ్బా ఇలా జరుపు."

సొలేన్ కూడా నేలమీద మోకరిల్లింది. "గుండీలు, తెల్లవి, నలభై..."

"అవి తెల్లవి కావు, ముత్యపు చిప్పవి," అంది గుమ్మంలోంచి నొయెమీ. తలుపు అవతల ఆమె అంతా విన్నది. "నా మొదటి జీతంతో కొన్నాను. ఆ పెద్ద కత్తెర రాయకండి, అది కింద బేకరీ ఆవిడది. చిన్నది నాది." ఆమె లోపలికి వచ్చి, వారిద్దరి మధ్య కూర్చుని, మంచం కింద ఉన్న పెట్టె బయటికి లాగింది. "ఇవి కూడా ఉన్నాయి. మర్చేపోయాను."

గురువారం నాలుగు గంటలకు నొయెమీ అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. మేత్ర్ చదవడం మొదలుపెట్టారు. వరుడి గడి అర నిమిషంలో అయిపోయింది.

"నా మిల్లు ఒక్క పంక్తా?" అంది ఒదీల్.

"అందులో గుండీలు ఉంటే చెప్పండి, చేరుస్తాను."

వధువు గడి పదకొండు పేజీలు. మొదటి మూడు పేజీలకూ ఒదీల్ కిటికీలోంచి బయటకు చూసింది. నాలుగో పేజీలో ఊదారంగు రీళ్లు రాగానే తల తిప్పింది. "ఆ ఊదారంగు నీకు ఎక్కడ దొరికింది? దాని కోసం నేను మూడు ఊళ్లు తిరిగాను."

"మీకు కావాలంటే ఒకటి ఇస్తానండి," అంది నొయెమీ. "నాకు ఏడున్నాయి." ఆ ఏడు అన్న మాట అనేటప్పుడు ఆమె నడుము నిటారుగా ఉంది.

జాబితా ముగిసింది. సంతకాలు చేయబోతుండగా గాస్పార్ మొహమాటంగా లేచి, బయట కారులో ఉన్న ఒక పొడవాటి వస్తువును మోసుకొచ్చి బల్లమీద పెట్టాడు. రెండు కొసలా రెండు పిడులున్న దుంగలు కోసే రంపం. కిందటేడు అడవి పండుగలో, జంటలుగా దుంగ కోసే పోటీలో వాళ్లిద్దరూ గెలిచిన బహుమతి. అంతకు ముందు వాళ్లకు ముఖపరిచయం కూడా లేదు. జతలేని వాళ్లిద్దరూ మిగిలితే నిర్వాహకులు జతకట్టారు.

"ఇదొకటి మిగిలిపోయింది మేత్ర్."

"ఎవరిది?"

"నొయెమీది."

"గాస్పార్‌ది," అంది నొయెమీ అదే క్షణంలో.

"మిల్లుది," అంది ఒదీల్. "పోటీకి దుంగ ఇచ్చింది మేము."

మేత్ర్ మునియే లేచి, ఒక పిడి పట్టుకుని తనవైపు లాగి చూశారు. రంపం వంగి, బల్ల అంచుకు తగిలి, కూనిరాగం తీసింది.

"ఒక్కరు లాగితే కోయదండి," అన్నాడు గాస్పార్. "అవతలి పిడి కూడా ఒకరు పట్టుకోవాలి."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ అంతే."

ఆయన కూర్చున్నారు. ఎడమ గడి చూశారు, కుడి గడి చూశారు. కలం ఎత్తి దించారు. అంతసేపు ఆయన ఆలోచించగా ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. చర్చి గడియారం ఆరు కొట్టింది. అలవాటు ప్రకారం కార్యాలయపు కలానికి మూత పెట్టి, కోటు లోపలి జేబులోంచి సొంత కలం తీశారు. ఆ కలంతో పేజీకి కుడివైపు అంచున, పైనుంచి కింది దాకా ఇంకొక గీత గీశారు. అందులో ఇలా రాశారు: రంపం, రెండు పిడులది, ఒకటి.

సొలేన్ కలం మూత కొరకడం మర్చిపోయి చూస్తోంది. మేత్ర్ ఇసుకరంగు అద్దుడు కాగితంతో ఆ గీతను ఒత్తి, పుస్తకాన్ని ఆమె వైపు తిప్పారు.

"ఇకనుంచి ప్రతి పేజీకీ మూడు గళ్లు గీయించమ్మాయ్," అన్నారు. "మూడోది మరీ వెడల్పుగా అక్కర్లేదు."