మబ్బు చూస్తే మొదట తోచేది

కల్లూరులో నాతో ఒకే గదిలో ఉన్న అమ్మాయి ఫోన్లో పర్సనాలిటీ టైపుల గురించి చదివి చదివి, ఎవరి మనసు ముందు దేన్ని పట్టుకుంటుందో మబ్బుతో తేల్చేది. ఆకాశం నల్లబడగానే కళ్లు సగం మూసి, "మబ్బు చూస్తానే మొదట నీకేం తోస్తాదక్కా?" అనేది. రంగు చెప్పేవాళ్లది కళ్లతో బతికే మనసట. రాబోయేది చెప్పేవాళ్లది ఊహతో నడిచే మనసట. నేను ఊదారంగన్నాను. "నువ్వు కళ్ల మనిషివిలే" అంది.

ఓ సాయంత్రం మేడమీద అదే ప్రశ్న నేను తనను అడిగాను. తను మబ్బు వైపు తిరిగింది.

"ఈ యేడన్నా వాన బాగా పడి, మా అమ్మోళ్లు కోసిగిలో ఇంటికి తాళమేసి మిరప కోతలకు గుంటూరు పోకుండా ఉంటారేమో అనిపిస్తాదక్కా."

"అది ఏ టైపు?"

"టైపేం కాదు. మా ఊర్లో అందరికీ అదే తోస్తాది."

ఇప్పుడు మబ్బు పడితే నాకు రంగు కనిపించదు. నేనెప్పుడూ చూడని ఒక తలుపు కనిపిస్తుంది, తాళం లేకుండా.